గోడ గోలు

జనవరి 2, శుక్రవారం

డాక్టరమ్మ చెప్పింది కాబట్టి రాస్తున్నాను. బీపీ మాత్ర ఇంకా పెంచడం తన వల్ల కాదట. కోపం వచ్చినప్పుడల్లా ఎదుటివాడి మీద కాకుండా కాగితం మీద చూపించమంది. "ఎవరూ చదవరు, బూతులైనా రాసుకోండి" అంది. బూతులు మా బస్ డిపోలో ఉచితంగా దొరుకుతాయి తల్లీ, దానికి మళ్ళీ డైరీ దండగ అన్నాను. అయినా కొన్నాను.

ఇవాళ్టి కోపానికి కారణం మా బావమరిది.

వాడు వాళ్ళ మనిషి. వాళ్ళ ఫుట్‌బాల్ క్లబ్బు పేరు రాయను, కలం పాడవుతుంది. ఒకప్పుడు ఆ క్లబ్బు కోసమే గొంతులు చించుకున్నాం. యజమాని మహానుభావుడు గ్రౌండు అమ్మేశాడు, జెర్సీ రంగు మార్చేశాడు, జట్టుని ఊరవతల అద్దాల స్టేడియంలోకి మోసుకుపోయాడు. అడగడానికి వెళ్తే "ఇష్టమైతే రండి, లేకపోతే మానెయ్యండి" అన్నాడు. మానేశాం. మానేసి ఇంట్లో కూర్చోకుండా మా క్లబ్బు మేమే పెట్టుకున్నాం. గోడౌన్ల వెనక గులకరాళ్ళ నేల అద్దెకు తీసుకుని, రాళ్ళు ఏరి, గడ్డి పెంచి, మెట్లు కట్టి, నిరుటికి ప్రొఫెషనల్ లీగ్‌లోకి వచ్చి పడ్డాం. ఇప్పుడు ఆటగాళ్ళకి జీతాలిస్తున్నాం. ప్రెసిడెంటుని నేనే. మామూలు రోజుల్లో సిటీ బస్సు తోలుతాను, ఆదివారం జట్టు బస్సు తోలుతాను. ప్రెసిడెంటు డ్రైవరైన క్లబ్బు ఇంకోటి ఉంటే చూపించమనండి.

బావమరిది మాత్రం వాళ్ళ దగ్గరే ఉండిపోయాడు. టికెట్ల కౌంటర్లో ఉద్యోగం వదులుకోలేక. అప్పట్నుంచి మా గుమ్మం తొక్కలేదు, నేను తొక్కనివ్వలేదు కూడా. ఇవాళ తొక్కాడు. చెప్పులు విప్పకుండానే అన్నాడు, "బావా, మీవాణ్ణి మావాళ్ళు అడుగుతున్నారు. ఫార్వర్డ్ కావాలట. మీ క్లబ్బు ఎంత చెప్తే అంత ఇస్తారు. ఈ నెలాఖరు దాకానే టైము."

"మీవాళ్ళకి నా కొడుకు కావాలా? ముందు నా గ్రౌండు ఇచ్చెయ్యమను" అన్నాను.

మా ఆవిడ తమ్ముడికి మంచినీళ్ళు ఇచ్చింది. నా వైపు గుడ్లురిమి చూసింది.

జనవరి 3, శనివారం

అన్నాల దగ్గర మావాణ్ణి అడిగాను. అడగలేదని రేపు ఎవరూ అనకూడదు. "మీ మావయ్య సంగతి విన్నావుగా, ఏమంటావ్?" అన్నాను.

వాడు కంచంలోకి చూస్తూ అన్నం కలిపాడు. తర్వాత "నీ ఇష్టం నాన్నా" అన్నాడు.

అదీ నా కొడుకంటే. ఇరవై నాలుగేళ్ళు. ఈ వయసు పిల్లలు వాళ్ళ స్టేడియం పేరు చెప్తే చొంగ కారుస్తారు. వీడు "నీ ఇష్టం" అన్నాడు. రక్తం ఎక్కడికి పోతుంది! మా ఆవిడ ఏదో అనబోయి, లేచి గిన్నెలు సర్దడానికి వెళ్ళిపోయింది. ఆ సర్దడం వీధి చివరిదాకా వినపడింది.

జనవరి 4, ఆదివారం

గెలిచాం. రెండూ మావాడివే.

జనవరి 6, మంగళవారం

పొద్దున్నే పోట్లాట. మా ఆవిడ షర్టు ఇస్త్రీ చేస్తూ మొదలుపెట్టింది.

"వాడు 'నీ ఇష్టం' అంటే దాని అర్థం నీకు తెలీదా?"

"తెలుగులోనే అన్నాడు కదా."

"వాడికి వెళ్ళాలని ఉందయ్యా. బంతి ఆడే కాళ్ళు ఎన్నాళ్ళుంటాయి? ఈ సంవత్సరం వెళ్ళకపోతే ఇంకెప్పుడు పిలుస్తారు?"

"వాడి నోటితో వాడు చెప్పాడా?"

"నీ ముందు ఈ ఇంట్లో ఎవరి నోరు లేచింది?"

నేను మాత్రం ఏమన్నానని! నోరు లేవనిదట ఈవిడ. ఆ ఒక్క మాటకే నవ్వొచ్చింది. షర్టు కాలర్ మాడింది. మాడిన కాలర్‌తోనే డ్యూటీకి వెళ్ళాను, కండక్టరు చూసి "ఇంట్లో బాగానే అయిందిగా" అన్నాడు.

జనవరి 8, గురువారం

కమిటీ కూర్చుంది. మా క్లబ్బులో ఒక పద్ధతుంది. ఆటగాణ్ణి అమ్మాలన్నా తీసేయాలన్నా కమిటీ తేల్చదు, సభ్యులందరూ తేల్చాలి. మొదటి మీటింగు రోజున హాలు లేదు, కాగితాల్లేవు, వాన కురుస్తోంది. అప్పుడు ఎవరో అన్నారు: సరే అనేవాళ్ళు రైలు పట్టాల వైపు గోలు దగ్గర నిలబడండి, వద్దనేవాళ్ళు గోడౌను గోడ వైపు గోలు దగ్గర నిలబడండి, తల లెక్కపెడదాం. అలా క్లబ్బు పుట్టింది. ఇప్పటికీ అంతే. ప్రెసిడెంటు మధ్యలో నిలబడి ప్రశ్న చెప్తాడు. జనం నడుస్తారు. ప్రెసిడెంటు విజిల్ ఊదేదాకా ఎవరైనా మనసు మార్చుకుని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పోవచ్చు. ఊదాక అంతే, ఎక్కడున్నవాడు అక్కడే. చాటుగా ఓటేయడాలు లేవు. నీ మనసేంటో నీ కాళ్ళు చెప్పాలి, నీ పక్కింటాయన చూడాలి. ఇంతకంటే నిజాయితీ ఎక్కడుంది?

ఆదివారం పెట్టాం. ప్రశ్న: మావాణ్ణి వాళ్ళకి అమ్మాలా?

కమిటీలో "గొంతు" లేచి, "పెద్దాయనా, నువ్వెటంటే మేమటు" అన్నాడు. స్టాండులో పాటలెత్తుకునేది వాడే, అందుకే ఆ పేరు. మైకు అక్కర్లేదు వాడికి. "ఎవరి బుర్ర వాళ్ళు వాడండిరా" అని తిట్టాను. తిట్టానని రాసి పెట్టుకుంటున్నాను.

జనవరి 11, ఆదివారం

అయిపోయింది.

ఎండ బాగానే ఉంది. జనం బాగా వచ్చారు. మధ్యలో నిలబడి ప్రశ్న చెప్పాను. మామూలుగా ప్రెసిడెంటు ఆఖర్న నడుస్తాడు. ఇవాళ ఒక్కడూ కదల్లేదు. అంత జనం నోరు మూసుకుని నా కాళ్ళ వంకే చూస్తున్నారు. మావాడు డ్రెస్సింగ్ రూమ్ గుమ్మంలో నిలబడ్డాడు, చేతులు కట్టుకుని. ఎంతసేపని నిలబడను? నడిచాను. గోడ గోలు వైపు నడిచాను.

వెనక అడుగుల చప్పుడు వినపడింది. తిరిగి చూడలేదు. గోడ దగ్గరికి చేరి తిరిగేసరికి గ్రౌండంతా నా వెనకే ఉంది. అటు రైలు గోలు దగ్గర ఓ ఇరవై ముప్ఫై మంది. వాళ్ళ మధ్య మా ఆవిడ, చేతిసంచీ గుండెకి హత్తుకుని. పదిమందిలో మొగుడికి ఎదురు నిలబడింది! తల తీసేసినట్టయింది. విజిల్ ఊదాను.

గుమ్మంలో మావాడు లేడు.

నేను తండ్రిగా నడవలేదు. సభ్యుడిగా నడిచాను. తండ్రిగా అయితే ఎటు నడిచేవాణ్ణో అది వేరే సంగతి.

జనవరి 12, సోమవారం

నేనెవర్నీ నా వెనక రమ్మనలేదు.

జనవరి 14, బుధవారం

డ్యూటీ దిగాక ప్రాక్టీసుకి జట్టు బస్సు తీశాను. మావాడు ఎప్పుడూ నా వెనక సీట్లో కూర్చుని, గేరు సరిగ్గా పడకపోతే "నాన్నా, దాన్ని ఏడిపించకు" అంటాడు. ఇవాళ మధ్యలో ఎక్కడో కూర్చున్నాడు. గేరు రెండుసార్లు కావాలనే ఏడిపించాను. అద్దంలో చూస్తే కిటికీ బయటికి చూస్తున్నాడు.

అలిగాడు, అంతే. చిన్నప్పుడూ ఇలాగే అలిగేవాడు. పొద్దున అలిగితే సాయంత్రానికి మర్చిపోయేవాడు.

జనవరి 18, ఆదివారం

వాళ్ళ స్టేడియంలో వాళ్ళతో మ్యాచ్. లీగ్‌లో మొదటిసారి. మా జనం లారీలెక్కి వచ్చారు. ఆ అద్దాల గోడలు చూసి గొంతు తుపుక్కున ఉమ్మాడు, గార్డు వాడి చేతే తుడిపించాడు.

ఒకటి సున్నాతో వెనకబడ్డాం. ఆఖర్లో పెనాల్టీ. మావాడే కొట్టాలి, వాడే కొడతాడు. వాడు బంతి పెట్టాడు. వెనక్కి నడిచాడు. కొట్టాడు.

పైకి పోయింది. బారు మీంచి, గోలు వెనకున్న వాళ్ళ జనంలోకి పోయింది. ఎవడో పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు ఆ బంతిని.

మ్యాచ్ అయ్యాక బస్సు స్టార్ట్ చేయడానికి వెళ్తే, వెనక టైరు దగ్గర మావాడు గోడకి చెయ్యి ఆనించి వాంతి చేసుకుంటున్నాడు. మధ్యమధ్యలో ఏడుస్తున్నాడు. నన్ను చూడలేదు. నేను వెళ్ళి వీపు మీద చెయ్యి వేసి ఉండాల్సింది. టైర్లలో గాలి చూసి, వెళ్ళి సీట్లో కూర్చున్నాను.

జనవరి 19, సోమవారం

మా ఇంటి గేటు మీద ఎర్ర పెయింటుతో రాశారు. అమ్ముడుపోయాడు, అని. మా సొంత జెర్సీ రంగుతోనే రాశారు, మిగిలిన డబ్బా అయి ఉంటుంది. మా ఆవిడ కిరసనాయిలు పోసి గుడ్డతో తుడుస్తోంది. నేను తీసుకోబోతే గుడ్డ ఇవ్వలేదు.

జనవరి 20, మంగళవారం

కావాలని కొట్టలేదు. నేను చూశాను కదా. కావాలని కొట్టినవాడు అలా ఏడుస్తాడా?

జనవరి 21, బుధవారం

గొంతు డిపోకి వచ్చాడు. వెనక ఇంకో నలుగురు. నా ముఖం చూడకుండా అన్నాడు, "పెద్దాయనా, ఏమీ అనుకోకు. జనం మీటింగు అడుగుతున్నారు. వాణ్ణి తీసేయాలంటున్నారు."

"వాణ్ణి అంటే ఎవర్నిరా? పేరు లేదా వాడికి? నీ భుజాల మీద ఊరేగించావు కదా మొన్నటిదాకా."

"అందుకే కదా మండుతోంది" అన్నాడు. ఏడుస్తున్నాడు వెధవ. వాడి గొంతు పోయింది, బొంగురుగా వస్తోంది. "వాళ్ళకి అమ్మలేదని కక్షతో పైకి కొట్టాడు. అందరూ చూశారు."

"కక్షేమీ లేదు. మిస్సయ్యాడు. ఎవరూ మిస్సవరా?"

"వాడు మిస్సవడు" అన్నాడు గొంతు. వాణ్ణి పొగిడినట్టే ఉంది ఆ మాట. సంతకాలున్నాయి, రూలు ప్రకారం మీటింగు పెట్టక తప్పదు. ఆదివారం.

జనవరి 23, శుక్రవారం

మధ్యాహ్నం ట్రిప్పులో మావాడు నా బస్సెక్కాడు. టికెట్ తీసుకుని వెనక ఎక్కడో కూర్చున్నాడు. చివరి స్టాపులో అందరూ దిగారు, వాడు దిగలేదు. కండక్టరు సంగతి అర్థం చేసుకునే మనిషి, టీ తాగొస్తానని వెళ్ళిపోయాడు. మావాడు ముందుకొచ్చి ఇంజను పక్కన కూర్చున్నాడు. చిన్నప్పుడు అక్కడ కూర్చోబెడితే వేడికి నిద్రపోయేవాడు.

"ఆదివారం నన్ను తీసేయనివ్వు నాన్నా" అన్నాడు.

"ఏమన్నావ్?"

"తీసేస్తే నా కాంట్రాక్టు రద్దయిపోతుంది. ముప్ఫై ఒకటి లోపల నేను ఫ్రీ అయితే వాళ్ళు తీసుకుంటారు. మావయ్య కనుక్కున్నాడు. ఆ పెనాల్టీ తర్వాత కూడా తీసుకుంటామన్నారు. ఉంచేశారంటే ఇంకా మూడేళ్ళు ఇక్కడే. అప్పటికి ఇంక ఎవడూ పిలవడు."

"ఇక్కడ నీకేం తక్కువైందిరా?"

"ఏం తక్కువ కాలేదు. నాకంటే బాగా ఆడేవాళ్ళ మధ్య ఆడాలని ఉంది. వాళ్ళ మీద నాకేం ప్రేమ లేదు నాన్నా. నాకు ఆడాలని ఉంది, అంతే."

"ముందే చెప్పి ఏడవొచ్చుగా! అడిగాను కదా! 'నీ ఇష్టం' అన్నావు కదా!"

"నీ ఇష్టం కానిది మనింట్లో ఇంతవరకు ఏం జరిగింది నాన్నా?"

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఒక్కటి పీకేవాణ్ణి, ఇద్దరికీ తేలికయ్యేది.

"నువ్వు ఏమీ మాట్లాడొద్దు. రైలు గోలు వైపు నడువు చాలు. నువ్వు నడిస్తే మిగతావాళ్ళు నడుస్తారు. లేకపోతే నీ ముఖం చూసి మొహమాటపడతారు."

"నా కొడుకుని ద్రోహి అనేవాళ్ళ మధ్యకి వెళ్ళి నన్ను నిలబడమంటావా?"

"కాసేపే నాన్నా. నేను వారం నుంచి నిలబడుతున్నాను."

వెనక ఎవడో హారన్ మీద చెయ్యి తియ్యకుండా కొడుతున్నాడు. "సరే" అన్నాను. "సరే, సరే." వాడు నా మోకాలి మీద చెయ్యి వేశాడు ఒక్క క్షణం. తర్వాత దిగిపోయాడు.

జనవరి 24, శనివారం

"సరే" అన్నది హారన్ కొడుతున్నవాడికి అన్నాను. అవును, వాడికే. వాడు వెనకనుంచి ప్రాణం తీస్తుంటే ఏదో ఒకటి అనాలి కదా.

కాదు, మావాడికే అన్నాను. రేపు నడుస్తాను. మాటిచ్చాను, నడుస్తాను.

మా ఆవిడ ఇవాళ నాకు ఇష్టమైన కూర వండింది. చాలా రోజులైంది. వాడు చెప్పి ఉంటాడు.

జనవరి 25, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

జనం పోయినసారికంటే ఎక్కువ వచ్చారు. ఎవరూ నా వైపు చూడట్లేదు. టీ కొట్టు అక్క ఒక్కతే గ్లాసు తెచ్చి చేతిలో పెట్టి, "తాగన్నా, ముఖం పీక్కుపోయింది" అంది. మధ్యలో నిలబడి ప్రశ్న చెప్పాను. నా కొడుకుని తీసేయాలా? "ఫార్వర్డ్‌ని" అనాలని రాసుకున్నాను. నోటికి "నా కొడుకుని" అనే వచ్చింది.

రూలు ప్రకారం ఎవర్ని తీసేయాలంటున్నారో వాడికి మాట్లాడే హక్కుంది. మావాడు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. జనం ఒకటే అరుపులు. వాడు చెయ్యెత్తాడు, ఆగారు.

"ఆ పెనాల్టీ కావాలనే పైకి కొట్టాను. ఇంకేమైనా తెలుసుకోవాలా?"

అంతే అన్నాడు. తిరిగి, రైలు గోలు వైపు తనే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. తనని తీసేయమని తనే నిలబడ్డాడు.

అబద్ధం! పచ్చి అబద్ధం! టైరు పక్కన వాడి ఏడుపు నేను చూశాను. ఆ మాట అనడానికి వాడి నోరెలా వచ్చిందో. ఎంత దూరం వెళ్ళాలనిపిస్తే మనిషి తన మీద తను అంత బురద పోసుకుంటాడు?

జనం గుంపులు గుంపులుగా రైలు గోలుకి నడిచారు. వాణ్ణి తిడుతూ, వాడి చుట్టూ చోటు వదిలి దూరంగా నిలబడ్డారు. మా ఆవిడ వెళ్ళి వాడి పక్కన నిలబడి చెయ్యి పట్టుకుంది. గోడ గోలు దగ్గర ఎవరూ లేరు. గ్రౌండు మధ్యలో నేనొక్కణ్ణే మిగిలాను. వాడు నా వైపు చూస్తున్నాడు. రమ్మన్నట్టు కొంచెం తలూపాడు.

అటే అడుగేశాను. నిజంగా వేశాను. ఇంతలో ఆ గుంపులోంచి ఎవడో అరిచాడు, అమ్ముడుపోయినోడా అని. నా కొడుకుని. వాళ్ళమ్మ పక్కనుండగా. వెళ్ళి వీళ్ళలో నిలబడాలా? నా కొడుకు ద్రోహి, నేనూ సాక్షినే, అని నా కాళ్ళతో చెప్పాలా?

ఎలాగూ తేలిపోయింది కదా అనుకున్నాను. అంతమంది అటున్నారు. నా ఒక్కడి తలకాయ ఎటుంటే ఏంటి? వాడు వెళ్ళిపోయేముందు, వాడి వైపు నిలబడినవాడు ఒక్కడున్నాడని వాడు చూడాలి, ఆ ఒక్కడూ వాళ్ళ నాన్నే, అనుకున్నాను. తిరిగి గోడ వైపు నడిచాను. గోలు దగ్గరికి వెళ్ళి, గోడకి వీపు ఆనించి నిలబడ్డాను. ఛాతీ పొంగింది. చెప్పడానికి సిగ్గేం లేదు, కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి.

విజిల్ నా మెడలోనే ఉంది.

ముందు టీ కొట్టు అక్క బయల్దేరింది. కొంగుతో ముక్కు తుడుచుకుంటూ గ్రౌండుకి అడ్డం పడి వచ్చేసింది. "నువ్వొక్కడివీ గోడకి ఆనుకుని నిలబడితే చూడలేకపోయానన్నా" అంది. తర్వాత ఇద్దరు ముసలివాళ్ళు, మొదట్నుంచీ నాతో ఉన్నవాళ్ళు. తర్వాత వాళ్ళ పిల్లలు. తర్వాత ఒక వరస మొత్తం. అందరూ తలలు దించుకుని, సావు ఇంటికి వస్తున్నట్టు మెల్లగా వస్తున్నారు. అక్కడ మావాడు అరుస్తున్నాడు, "వద్దు, ఆగండి, వెళ్ళకండి!" అని. చేతులు అడ్డం పెట్టాడు. వాణ్ణి తప్పించుకుని వస్తున్నారు. "నాన్నా, ఊదు! నాన్నా!" అని అరిచాడు.

ఆఖర్న గొంతు వచ్చాడు. వచ్చి నా మీద పడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. "నిన్ను ఒంటరిగా ఎలా వదిలేస్తాం పెద్దాయనా? వాడు తప్పు చేశాడు, చేసుకోనీ. నీ కోసం క్షమించేశాం" అన్నాడు.

అప్పుడు ఊదాను.

రైలు గోలు దగ్గర ఇద్దరే ఉన్నారు. తల్లీ, కొడుకూ.

జనవరి 26, సోమవారం

ఊపిరి అందలేదు. విజిల్ ఊదడానికి ఊపిరి అందలేదు. బీపీ మనిషిని.

జనవరి 28, బుధవారం

మావాడు బట్టలు సర్దుకుని స్టాండు కింద ఆటగాళ్ళ గదికి మారాడు. అక్కడ మంచాలు బాగోవు, తడి గోడలు. మా ఆవిడ రెండు దుప్పట్లు పట్టుకుని వెంట వెళ్ళింది. వచ్చాక అడిగాను, ఏమన్నాడు అని.

"ఏమంటాడు? ఇప్పుడు తృప్తిగా ఉందా నీకు?"

"వాడి కోసమే నిలబడ్డాను కదే!"

"నిలబడ్డావు. అందరూ చూశారు" అంది.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. బీపీ తగ్గిందట. "రాయడం పనిచేస్తోందిగా!" అని సంబరపడింది.

జనవరి 29, గురువారం

ఊపిరి అందలేదు.

జనవరి 31, శనివారం

బావమరిది ఫోన్ చేశాడు. వాళ్ళు ఇంకెవర్నో తీసుకున్నారట. సంతకాలు అయిపోయాయట. వాడు తిట్టి ఉంటే బాగుండేది. "ఏం చేస్తాం బావా" అని పెట్టేశాడు.

ఊపిరి ఉంది. టీ కొట్టు అక్క కదిలినప్పుడే ఊది ఉండొచ్చు. ముసలివాళ్ళు కదిలినప్పుడు ఊది ఉండొచ్చు. వాడు "నాన్నా, ఊదు" అని అరిచినప్పుడైనా ఊది ఉండొచ్చు. వాళ్ళు అలా నా కోసం వస్తుంటే చూడ్డానికి బాగుంది. అంతే. నా వెనక జనం వస్తుంటే నాకు బాగుంది. ఆ కాసేపట్లో నా కొడుకుని మర్చిపోయాను.

ఫిబ్రవరి 1, ఆదివారం

మన గ్రౌండులోనే మ్యాచ్. గెలిచాం. మావాడు మూడు కొట్టాడు. మొదటి గోలుకే జనం అన్నీ మర్చిపోయారు. గొంతుకి గొంతు తిరిగొచ్చింది, మావాడి పేరు మీద కొత్త పాట కట్టాడు. భుజాల మీదికెత్తి గ్రౌండంతా తిప్పారు. మావాడు వాళ్ళ భుజాల మీద, బస్సులో నిలబడ్డ ప్యాసింజర్‌లా ఎటో చూస్తూ ఉన్నాడు. జనం వరసగా వచ్చి నా చేతులు పట్టుకుంటున్నారు. "ఆ రోజు మీరు నిలబడకపోతే ఇవాళ ఈ ఆట చూసేవాళ్ళమా" అంటున్నారు. అందరికీ నవ్వుతూ తలూపాను.

మ్యాచ్ అయ్యాక ఆటగాళ్ళని ఊళ్ళో దించడానికి బస్సు తీశాను. మావాడు ఊళ్ళో ఏదో పనుందని ఎక్కాడు. అన్నిటికంటే వెనక సీట్లో కూర్చున్నాడు. సిగ్నలు దాటాక లేచి ముందుకొచ్చాడు. అద్దం సర్దినట్టు చేసి వాడి ముఖం చూశాను. కోపం లేదు. ఏమీ లేదు.

"ఇక్కడ ఆపుతారా ప్రెసిడెంటు గారూ, దిగిపోతాను" అన్నాడు.

బస్సులో వాళ్ళు జోకనుకుని నవ్వారు. నేనూ నవ్వాను. వాడు నవ్వలేదు, మెట్టు మీద నిలబడి తలుపు తెరుచుకోవడం కోసం చూస్తున్నాడు. ఆపాను. "థాంక్సండీ" అని దిగి, తిరిగి చూడకుండా జనంలో కలిసిపోయాడు.

మూడేళ్ళు. ఇంకా మూడేళ్ళు ప్రతి ఆదివారం వాడు నా బస్సెక్కుతాడు, దిగుతాడు.

కొట్టరా. నలుగురి ముందు తిట్టరా. గేటు మీద నువ్వు కూడా రాయి, నేను తుడవను. ఆ పిలుపు మాత్రం వద్దురా. నాన్నా అనరా ఒక్కసారి.